గట్టిగా దగ్గకుండానే కఫం బయటికి తెచ్చే పద్ధతి

టీబీ నయమయ్యాక కూడా కొందరికి శ్వాసనాళాలు వెడల్పయి, గోడలు వదులైపోతాయి. బ్రాంకియెక్టాసిస్ అంటే ఇదే. ఆ నాళాల్లో కఫం నిలిచి, చిక్కబడి, దారి మూసేస్తుంది. పాపం, చాలామంది గొంతు చించుకుని దగ్గుతారు. అంత ఒత్తిడికి వదులు నాళాలు ముడుచుకుపోతాయి, కఫం మాత్రం కదలదు. అది కదలాలంటే ముందు దాని వెనక్కి గాలి చేరాలి.

భోజనమయ్యాక రెండు గంటలు ఆగండి. డాక్టర్ సాల్‌బుటమాల్ (శ్వాసనాళాలు తెరిచే మందు) రాసి ఉంటే పావుగంట ముందు పీల్చండి. సెలైన్ నెబ్యులైజేషన్ (ఉప్పునీటిని యంత్రంతో తుంపరగా పీల్చడం) రాసి ఉంటే అది ఆ తర్వాత. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మాత్రం కఫం తీశాకే, లేకపోతే మందు కఫం మీదే పడి ఆగిపోతుంది. ఇంట్లో కలిపిన ఉప్పునీళ్లు నెబ్యులైజర్‌లో పోయొద్దు.

నిటారుగా కూర్చుని, భుజాలు వదిలేసి, నిమిషంపాటు మామూలుగా ఊపిరి తీయండి. తర్వాత ముక్కుతో నిండుగా పీల్చి, 3 సెకన్లు బిగబట్టి, మెల్లగా వదలండి. ఆ కాస్త వ్యవధిలోనే పక్క గాలిగదుల గుండా గాలి మళ్లి కఫం వెనక్కి చేరుతుంది. ఇలా 3, 4 సార్లు చాలు, ఎక్కువైతే తల తిరుగుతుంది. మళ్లీ మామూలు శ్వాస.

ఇప్పుడు హఫ్. అద్దం మీద ఆవిరి పట్టించేటప్పటిలా నోరూ గొంతూ తెరిచి 'హా...' అనాలి. మొదట ఓ మోస్తరు ఊపిరితో, పొడుగ్గా: లోతున్న కఫం కదిలేది దీనితోనే. ఛాతీ పైభాగంలో గరగర వినపడ్డాక నిండుగా పీల్చి, పొట్టిగా, చురుగ్గా ఒక హఫ్. కఫం గొంతు దాకా వచ్చాక ఒక్క దగ్గు దగ్గి ఉమ్మేయండి. హఫ్‌లో పిల్లికూత వస్తే బలం ఎక్కువైందన్నమాట, తగ్గించండి.

ఈ వరుసంతా 10 నుంచి 30 నిమిషాలు మళ్లీ మళ్లీ చేయండి. వరసగా రెండు విడతల్లో హఫ్ పొడిగా వస్తే ఆపేయొచ్చు. కఫం ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో ఉందని సీటీ స్కాన్‌లో తేలితే కుడివైపు తిరిగి పడుకుని చేయండి, కుడివైపుంటే ఎడమకు తిరగండి. తల కిందికి వాల్చే భంగిమలు ఫిజియోథెరపిస్ట్ చెబితేనే.

దగ్గును అణిచే సిరప్‌లు సొంతంగా తాగొద్దు, కఫం లోపలే ఉండిపోతుంది. కఫంలో ఎర్రటి రక్తం పడితే వెంటనే ఆపి, ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. రక్తం ఎక్కువగా పడినా, ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి.