గోడ మీద ఒక విలువ, పనిలో మరొకటి: సమస్య - పరిష్కారం

గౌరవం, నిజాయితీ, సంభాషణ, శ్రేష్ఠత. ఈ నాలుగూ తమ విలువలని ప్రకటించుకున్న అమెరికా ఇంధన సంస్థ ఎన్‌రాన్, లెక్కల్లో మోసాలు బయటపడి 2001 డిసెంబరులో దివాలా తీసింది. అందుకే ‘క్లయింటుకే ప్రాధాన్యం’ అని రాసి ఉందా లేదా అన్నది పక్కన పెట్టి, ఆ మాట రోజువారీ పనిలో ఎక్కడ తప్పిపోతోందో వెతకాలి.

సమస్య: చెడు వార్త క్లయింటుకు ఆఖరి నిమిషంలో తెలుస్తోంది

కారణం: బృందంలో ఎవరో ఒకరికి అది ముందే తెలిసి ఉంటుంది. చెబితే అక్షింతలు తప్పవని నోరు మెదపరు. సమీక్షలో ‘ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?’ అని మేనేజర్ ఒక్కసారి గద్దిస్తే చాలు, ఆ తర్వాత వచ్చే నివేదికలన్నీ ‘అంతా సజావుగా ఉంది’ అనే అంటాయి. హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్నచోటే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. అక్కడివాళ్లు వాటిని దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆమె తేల్చారు. తప్పులే కనిపించని బృందాన్ని చూసి మురిసిపోయే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

పరిష్కారం: టొయోటా కర్మాగారాల్లో లోపం కనిపెట్టిన కార్మికుడు తాడు లాగితే, బృంద నాయకుడు సాయానికి వస్తాడు; అప్పటికీ సరికాకపోతే లైను ఆగుతుంది. ఇక్కడా అంతే. మేనేజర్ మొదట అడగాల్సింది ‘క్లయింటుకు ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి?’ అని. తప్పెవరిదన్న విచారణ తర్వాత. కబురు కూడా సూటిగా ఉండాలి:

‘గురువారం ఇస్తామన్న నివేదిక సోమవారానికి గానీ సిద్ధం కాదు. రెండు పట్టికల్లో లెక్కలు పొసగడం లేదు. మొదటి మూడు విభాగాలు పూర్తయ్యాయి, ఇప్పుడే పంపమంటారా? రేపు సాయంత్రం ఐదింటికి మళ్లీ రాస్తాం.’

క్షమాపణ ఒక్క వాక్యం చాలు. పేజీ నిండా వేడుకుంటే అసలు విషయం మరుగున పడుతుంది.

సమస్య: ఉద్యోగుల పనితీరు స్కోర్లు ఘనంగా ఉన్నాయి, క్లయింట్లు మాత్రం జారిపోతున్నారు

కారణం: బోనస్ దేని మీద వస్తే ఉద్యోగి దాన్నే నిజమైన విలువ అనుకుంటాడు. వెల్స్ ఫార్గో బ్యాంకులో అమ్మకాల లక్ష్యాల ఒత్తిడికి సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండానే వాళ్ల పేర్ల మీద ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి.

పరిష్కారం: విలువల పత్రాన్ని, బోనస్ నిబంధనలను పక్కపక్కనే పెట్టి చదవండి. పొంతన లేనిచోట మార్చాల్సింది బోనస్‌నే. ఒప్పందాన్ని పొడిగించిన క్లయింట్లు ఎందరు, ఒకే ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చింది అన్నవి లెక్కలోకి రావాలి.

సమస్య: క్లయింటు అడిగినదానికల్లా తలూపి బృందం నలిగిపోతోంది

కారణం: క్లయింటు మేలుకూ, క్లయింటు మాటకూ తేడా చూడకపోవడం. విలువలన్నీ ఒకే వరుసలో నిలబెడితే అవి ఢీకొన్నప్పుడు గొంతు పెద్దదైనవాళ్లే గెలుస్తారు.

పరిష్కారం: ఏది ముందో, ఏది తర్వాతో రాసిపెట్టాలి. జాన్సన్ అండ్ జాన్సన్ 1943లో రాసుకున్న ప్రకటనలో తమ ఉత్పత్తులను వాడేవారు మొదట, వాటాదారులు చివర ఉంటారు. 1982లో ఆ సంస్థ నొప్పి మందు టైలెనాల్ గుళికల్లో ఎవరో విషం కలిపినప్పుడు, సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించడానికి ఆ వరుస అండగా నిలిచింది. మీ పత్రంలో ‘కుదరదు’ అనే అధికారం ఎవరిదో కూడా ఉండాలి. అన్నవారిని మర్నాడు పైవాళ్లు కాదనకూడదు.

సమస్య: చిన్న ఫిర్యాదుకూ మూడు అనుమతులు

కారణం: నమ్మకం అని రాసుకున్నా, దానికి పైసా కేటాయించలేదు.

పరిష్కారం: రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్లలో అతిథి ఇబ్బంది తీర్చడానికి ఉద్యోగి ఎవరినీ అడగకుండా 2,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టవచ్చన్న నియమం పేరు పొందింది. మీ పరిమితి ఎంత చిన్నదైనా ఫరవాలేదు. అంకె వేసి చెప్పండి. ఖర్చు చేసినవాళ్లు ఎందుకు చేశారో రెండు ముక్కలు రాసిపెడితే చాలు.