తాళం తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: వానలకు ముందు పాత కారు జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, ఆ ఎండకు బానెట్ కింది బ్యాటరీ మాత్రం దెబ్బతింటుంది. వేడికి లోపలి పలకలు త్వరగా అరుగుతాయి, నీరు ఆవిరవుతుంది. అయినా మే నెలంతా కారు స్టార్టవుతూనే ఉంటుంది. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక ఒక తడి ఉదయం తాళంచెవి తిప్పితే మీటరు బోర్డులో తాళం బొమ్మ మిణుకుమంటుంది, ఇంజిన్ అందుకోదు. ఇలాంటప్పుడు మెకానిక్ నోట తొందరగా వినిపించే మాట: "ఈసీఎం పోయింది సార్." పదేళ్లు దాటిన కారుకు ఇంజిన్ కంప్యూటరు మార్చడమంటే చిన్న ఖర్చు కాదు. ఆ మాట నమ్మే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం వానలకు ముందే ఇంటి దగ్గర చూసుకోగలిగినవే. ఇక్కడ చెప్పేవి తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే పెట్రోలు కార్ల సంగతులు.

ముందు తాళంచెవి. దాని ప్లాస్టిక్ తలలో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని పలకరిస్తుంది, చిప్ తన సంకేతం చెబుతుంది. సంకేతం సరిపోతేనే కంప్యూటరు ఇంజిన్‌ను నడవనిస్తుంది. దొంగతనం జరగకుండా చూసే ఈ ఏర్పాటునే ఇమ్మొబిలైజర్ అంటారు. చిప్‌కు సొంత బ్యాటరీ ఉండదు, కావలసిన శక్తి ఆ తీగచుట్ట నుంచే అందుతుంది. అందువల్ల రిమోట్‌లో సెల్ అయిపోతే తలుపులు బటన్‌కు తెరుచుకోవు గానీ, ఇంజిన్ స్టార్ట్ కావడానికి అడ్డేమీ లేదు. సెల్ మార్చి పని అయిపోయిందనుకునేవారికి ఈ తేడా తెలియాలి.

అసలు నష్టం జరిగేది తాళంచెవి పైతొడుగు మార్పించినప్పుడు. బటన్ల రబ్బరు చిరిగిందని రోడ్డు పక్క తాళాల దుకాణంలో కొత్త తొడుగు వేయిస్తారు. రిమోట్ సర్క్యూట్ బోర్డును కొత్త తొడుగులోకి మార్చడం దుకాణదారు మరచిపోడు. చిప్ మాత్రం చాలా కార్లలో ఆ బోర్డు మీద ఉండదు. పాత తొడుగు మూలలో చిన్న గూటిలో బియ్యపు గింజంత గాజు గొట్టమో, నల్లటి చిన్న ముక్కో విడిగా అతికించి ఉంటుంది. అది పాత తొడుగుతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. కొత్త తాళంచెవి తలుపు తీస్తుంది, ఇగ్నిషన్‌లో తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. తొడుగు మార్పించేటప్పుడు ఎదురుగా నిలబడి, పాత తొడుగును అడిగి తీసుకోండి.

రెండో తాళంచెవి బీరువాలో ఉంటే ఈ వారమే తీసి దానితో కారు స్టార్ట్ చేసి చూడండి. రేపు మొదటిది మొరాయించి రెండోది పనిచేస్తే తప్పు తాళంచెవిదేనని అక్కడికక్కడే తేలుతుంది. అసలు రెండోది లేకపోతే, ఉన్న ఒక్కటి పోకముందే చేయించుకోండి. ఒకటి చేతిలో ఉండగా ఇంకొకదాన్ని కారుకు పరిచయం చేయడం తేలిక. అన్నీ పోయాక పని పెద్దదవుతుంది, కొన్ని కార్లలో భాగాలే మార్చాల్సి రావచ్చు. ఇంకో కారు తాళంచెవిని ఇదే రింగుకు తగిలించడం కూడా మంచిది కాదు. రెండు చిప్‌లు పక్కపక్కన ఉంటే తీగచుట్టకు ఏది వినాలో తెలియదు.

తరువాత బ్యాటరీ. మల్టీమీటరు లేని ఇంట్లో పాత కారు ఉండకూడదని నా అభిప్రాయం. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీలో 12.6 వోల్టుల దగ్గర కనిపిస్తే మంచి స్థితి, 12.2కు దిగితే సగం ఖాళీ. ఆ అంకె ఒక్కటీ చాలదు. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు మీటరు చూడాలి. 9.6 వోల్టుల కన్నా కిందికి పడిపోతే వానాకాలం గట్టెక్కుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య లేకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను చూపించాలి. వోల్టేజీ బాగా పడిపోతే కంప్యూటరు, ఇమ్మొబిలైజర్ మధ్య మాట తెగిపోతుంది, తాళం బొమ్మ వెలుగుతుంది. అలా నీరసించిన బ్యాటరీ దొంగతనం హెచ్చరిక వేషంలో కనిపిస్తుంది.

టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడగండి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. మ్యూజిక్ సిస్టమ్‌కు కోడ్ ఉంటే విప్పకముందే రాసిపెట్టుకోండి. ఆ తరువాత ఇంజిన్‌కు, బాడీకి పోయే ఎర్త్ వైర్లు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ లోహానికీ మధ్య అర వోల్టు కన్నా ఎక్కువ చూపితే ఎర్త్ బాగాలేదు. తుప్పు గీకి బోల్టు బిగిస్తే చాలాసార్లు "పోయిన" ఈసీఎం తిరిగొస్తుంది.

పాత కార్లలో నేను అన్నిటికన్నా ఎక్కువ అనుమానించేది కంపెనీ ఇమ్మొబిలైజర్‌ను కాదు, తరువాత యాక్సెసరీల దుకాణంలో వేయించిన అలారం పెట్టెను. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ మూత తీసి టార్చి వేసి చూడండి. ఇగ్నిషన్ వైరును మధ్యలో కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి ఉంటుంది. ఎండకు టేపు జిగురు కారిపోతుంది, తేమకు రాగి పచ్చబడుతుంది. ఇంజిన్‌ను ఆపే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఆ పెట్టెలోనే ఉంటే, అది చెడినప్పుడు నింద అసలు ఇమ్మొబిలైజర్ మీద పడుతుంది. ఆ అతుకులను వానలకు ముందే సోల్డర్ చేయించి, గట్టి స్లీవ్ వేయించండి. పెట్టెతో పనిలేకపోతే తీయించేయండి.

వాన నీరు దిగే దారి కూడా చూడాలి. వైపర్ల కింద జల్లెడలా ఉన్న చోట వేపాకులు చేరి రంధ్రాలు మూసుకుంటే నీరు లోపలికి దిగుతుంది. ఎడమ సీటు ముందు కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి. చాలా కార్లలో వైర్ల కప్లర్లూ, కొన్నిటిలో కంప్యూటరూ అక్కడే డ్యాష్‌బోర్డు కింద ఉంటాయి. ఎలుకలు వానలకు బానెట్ కింద చేరతాయి. ఇంజిన్ మీద గింజల పొట్టు కనిపిస్తే వైర్లను కొరికాయేమో చూడండి.

ఇంత చేశాక కూడా కారు మొరాయిస్తే వినండి. టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ, టెర్మినల్. ఒక్క "టక్" మాత్రమే వస్తే సెల్ఫ్ మోటారు. చాలా కార్లలో ఇమ్మొబిలైజర్ సెల్ఫ్‌ను ఆపదు. సెల్ఫ్ చురుగ్గా తిరిగి, ఇంజిన్ అందుకోకుండానో, ఒకటి రెండు సెకన్లు నడిచి ఆగిపోతూనో ఉండి, ఇగ్నిషన్ ఆన్‌లో తాళం బొమ్మ మిణుకుతుంటేనే దాన్ని అనుమానించాలి. తాళం బొమ్మ మామూలుగా ఆరిపోయి, సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం ముల్లు కదలకపోతే, అదీ ఇంజిన్ వేడెక్కినప్పుడే జరుగుతుంటే, ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టి కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సర్‌ను చూపించండి. కంప్యూటరులోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పి 0335 ఆ సెన్సర్ సర్క్యూట్‌ను, పి 0513 సరిపోలని తాళంచెవిని సూచిస్తాయి. కోడ్ చెరపకముందే ఫోనుతో ఫొటో తీసుకోండి. చౌక స్కానర్లు ఇంజిన్ కోడ్లనే చదివి ఇమ్మొబిలైజర్ జోలికి పోవు. "కోడ్ ఏమీ లేదు" అంటే ఏ స్కానర్‌తో చూశారో అడగండి.

ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే జంపర్ కేబుళ్లు తిరగేసి తగిలిస్తే కంప్యూటరు నిజంగానే పోవచ్చు. ఎరుపు ఎరుపుకు, నలుపు చివరి కొస మాత్రం ఆగిన కారు ఇంజిన్ లోహానికి. ఇమ్మొబిలైజర్ పట్టేసిన కారును తోసినా స్టార్ట్ కాదు. దాన్ని శాశ్వతంగా "తీసేస్తాం" అనేవారికి ఒప్పుకోవద్దు. కారు చోరీ అయితే బీమా సంస్థ తాళంచెవులన్నీ అడుగుతుంది, భద్రతా పరికరం తీసేసిన సంగతి కూడా బయటికొస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగినట్టు కారు నీటిలో మునిగితే, నీరు తీశాక కూడా తాళంచెవి తిప్పవద్దు. సిలిండర్లలో నీరుంటే ఒక్క సెల్ఫ్‌కే కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. వీలైతే బ్యాటరీ నెగటివ్ విప్పి, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో కనిపించేలా ఫొటోలు తీసి, బీమా సంస్థకు చెప్పి, కారును లాగించుకుని వెళ్లండి.