వియత్నాం వీసాకి ఢిల్లీ వెళ్లక్కర్లేదు

వియత్నాం వీసా కోసం బెజవాడ నుంచి ఢిల్లీ ఎంబసీ దాకా పోనక్కర్లేదు, ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టనక్కర్లేదు. ఈ-వీసా ఫోన్లోనే అయిపోతుంది.

అడ్రస్ చివర ‘డాట్ గవ్ డాట్ వీఎన్’ ఉన్న సైటే తెరవండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు అదనంగా గుంజుతాయి. అసలు ఫీజు ఒక ఎంట్రీకి (అంటే ఒక్కసారి వెళ్లడానికి) 25 డాలర్లు, మల్టిపుల్‌కి 50. వీసా గడువు 90 రోజుల వరకు. కళ్లజోడు లేని ఫొటో ఒకటి, పాస్‌పోర్టు ఫొటో పేజీ ఒకటి చాలు.

పేచీ ఆ పేజీతోనే. ఫ్లాష్ వేస్తే లామినేషన్ మెరిసి అక్షరాలు పోతాయి. కిటికీ పక్కన పగటి వెలుతురులో, అడుగున ఉండే రెండు కోడ్ లైన్లు తెగకుండా తీయండి. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఎలా ఉంటే అలాగే కొట్టండి; మనం రోజూ రాసుకునే పొట్టి పేరు పనికిరాదు. డబ్బు కట్టేముందు బ్యాంకు యాప్‌లో కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయాలి, లేదంటే పేమెంట్ ఫెయిలవుతుంది.

మామూలుగా 3 పనిదినాలు. జనవరి, ఫిబ్రవరిలో వచ్చే వియత్నాం కొత్త సంవత్సరం సెలవుల్లో మాత్రం కదలదు, రెండు వారాల ముందే పెట్టండి. ఫీజు వెనక్కి రాదు. వీసాలో పాస్‌పోర్టు నంబరు తప్పు పడితే విమానం ఎక్కనివ్వరు.