ఎంపీహెచ్‌కి దరఖాస్తు: ఫారం తెరవకముందే తేల్చుకోవలసినవి

పబ్లిక్ హెల్త్‌లో పీజీ చెయ్యాలనుకునేవాళ్లలో చాలామంది సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశపరీక్ష అయిన సీయూఈటీ పీజీ నోటిఫికేషన్ రాగానే ఫారం తెరుస్తారు. పేరు, చిరునామా, డిగ్రీ మార్కులు చకచకా నింపేస్తారు. టెస్ట్ పేపర్ ఎంచుకోమన్న చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. అక్కడ తోచిన కోడ్ పెట్టేస్తే, పరీక్షలో ఎంత మంచి స్కోరు వచ్చినా మీరు కోరుకున్న యూనివర్సిటీలో అది చెల్లకపోవచ్చు. అందుకని ఈ దరఖాస్తుని చివరినుంచి మొదటికి చేసుకు రావాలి. ముందు ఎలాంటి కోర్సు కావాలో తేల్చుకోండి. తర్వాత అది ఎక్కడుందో చూడండి. ఆ యూనివర్సిటీ ఏ పేపర్ అడుగుతోందో రాసుకోండి. ఫారం ఆఖరి పని.

మొదట రెండు అపోహలు. ఎంపీహెచ్ అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, రెండేళ్ల కోర్సు. ఎంబీబీఎస్ చేసి నీట్ పీజీ ర్యాంకుతో చేరే ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ వేరు, ఇది వేరు. యూనివర్సిటీల ఎంపీహెచ్‌కి నీట్ అక్కర్లేదు. అలాగే ఇది చదివినంత మాత్రాన రోగికి మందు రాసే అర్హత రాదు. డాక్టర్లతో పాటు బీడీఎస్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆయుష్, వెటర్నరీ చదివినవాళ్లు చేరతారు. కొన్నిచోట్ల సోషల్ సైన్సెస్, లైఫ్ సైన్సెస్ పట్టభద్రులకూ అవకాశం ఉంటుంది. మీ డిగ్రీ ఏ జాబితాలో ఉందో ఆ సంస్థ ప్రాస్పెక్టస్‌లోనే చూడాలి. ఒక యూనివర్సిటీ అర్హతను చూసి ఇంకోదానికి అన్వయించుకోకూడదు.

ఏ ఎంపీహెచ్?

డిగ్రీ పేరు ఒకటే అయినా లోపల చదివేది ఒకటి కాదు. ఇది అర్థం కావాలంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి మనుషులు కిడ్నీ జబ్బుతో పోతున్నారు. షుగరు, బీపీ లేనివాళ్లకీ వస్తోంది. ఎన్నో బృందాలు వచ్చి నీళ్లూ మట్టీ రక్తం నమూనాలూ తీసుకెళ్లాయి. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు.

ఆ ఊళ్ల గురించి చదివినప్పుడు మీ మనసులో ముందు ఏ ప్రశ్న లేస్తుంది? ఎవరికి వస్తోంది, ఏ వయసులో, ఏ ఊళ్లో ఎక్కువ, పక్క ఊళ్లో ఎందుకు తక్కువ అని లెక్క తియ్యాలనిపిస్తే మీ దారి ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్. డయాలసిస్‌కి ప్రభుత్వ పథకం ఎంత భరిస్తోంది, దారిఖర్చూ పోయిన కూలీ ఎవరి నెత్తిన పడుతున్నాయి అని అడగాలనిపిస్తే హెల్త్ పాలసీ, ఎకనామిక్స్. జీడితోటలో పనిచేసే మనిషి ఒళ్లు బాగాలేకపోయినా ఆస్పత్రికి ఎందుకు ఆలస్యంగా వెళ్తున్నాడు, ఇంట్లో ఆడవాళ్ల వంతు వచ్చేసరికి ఇంకా ఎందుకు ఆలస్యమవుతోంది అన్నది మిమ్మల్ని పట్టుకుంటే సోషల్ సైన్స్ పునాదిగా నడిచే కోర్సు. మూడు రకాల మనుషులూ ఉద్దానానికి కావాలి. కానీ ఒకరికి సరిపోయిన కోర్సులో ఇంకొకరు రెండేళ్లు ఇబ్బంది పడతారు. లెక్కలంటే భయపడేవాళ్లు ఎపిడెమియాలజీ ప్రధానమైన కోర్సులో చేరి మొదటి సెమిస్టర్‌లోనే దిగులుపడటం నేను చూశాను. తెలివి తక్కువై కాదు, ప్రాస్పెక్టస్‌లో సిలబస్ పేజీ చదవకపోవడం వల్ల.

ఇప్పుడు సంస్థల సంగతి. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో హెల్త్ పాలసీ, ఎకనామిక్స్, ఫైనాన్స్ మీద ఒక ఎంపీహెచ్, సోషల్ ఎపిడెమియాలజీ మీద మరొకటి నడుస్తూ వచ్చాయి. ఢిల్లీ జేఎన్‌యూలో సెంటర్ ఆఫ్ సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ ఉంది. జబ్బుని సమాజంలో ఉంచి చూడటం అక్కడి సంప్రదాయం. త్రివేండ్రంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థకు చెందిన అచ్యుత మేనన్ సెంటర్ 1997లోనే ఎంపీహెచ్ మొదలుపెట్టింది, దేశంలో ఈ కోర్సుకి దారి వేసింది అదే. చెన్నైలోని ఐసీఎంఆర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ పేరులోనే దాని స్వభావం ఉంది. పుదుచ్చేరిలో జిప్‌మర్, చండీగఢ్‌లో పీజీఐ ఆస్పత్రులతో ముడిపడినవి. మనకు దగ్గరలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ నడిపే హైదరాబాద్ ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లోనూ ఎంపీహెచ్ ఉంది.

వీటిలో ఎంచుకునేటప్పుడు ర్యాంకింగ్ కన్నా ముందు నేను చూడమనేది ఫీల్డ్ వర్క్. సిలబస్‌లో దానికి ఎన్ని వారాలు ఇచ్చారు? విద్యార్థుల్ని పీహెచ్‌సీకి, సబ్‌సెంటర్‌కి పంపుతున్నారా, లేక ఆఫీసులో కూర్చోబెట్టి నివేదిక రాయిస్తున్నారా? ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ తిరగనివాళ్లు పథకం గురించి ఎంత రాసినా అందులో ఏదో ఒకటి లోపిస్తుంది. డిసర్టేషన్, అంటే కోర్సులో రాసే పరిశోధన వ్యాసం, సొంతంగా సేకరించిన సమాచారంతో చెయ్యాలా, ఉన్న డేటాతో చేసినా సరిపోతుందా అన్నది కూడా అడగండి. పాత విద్యార్థుల డిసర్టేషన్ల శీర్షికలు దొరికితే పది చదవండి. బ్రోషర్ పది పేజీల్లో చెప్పనిది అవి చెప్పేస్తాయి. ప్రైవేటు సంస్థ అయితే యూజీసీ గుర్తింపు, మొత్తం రెండేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపి కాగితం మీద రాసుకోండి.

సీయూఈటీ పీజీ ఫారం

హెచ్‌సీయూ, జేఎన్‌యూ వంటి సెంట్రల్ యూనివర్సిటీలు ప్రవేశాలకు ఈ పరీక్ష స్కోరే తీసుకుంటున్నాయి. 2024 నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ కూడా ఇందులోకి వచ్చింది. నిర్వహించేది నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ (ఎన్‌టీఏ). ఇటీవలి సంవత్సరాల్లో దరఖాస్తులు చలికాలంలో మొదలై, పరీక్ష మార్చిలో జరుగుతోంది. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయొచ్చు. పేపర్‌కి 75 ప్రశ్నలు, 300 మార్కులు. 2025 నుంచి సమయం 90 నిమిషాలు. సరైన జవాబుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది, తెలుగులో ఉండదు.

ఒక అభ్యర్థి నాలుగు పేపర్ల దాకా ఎంచుకోవచ్చు. ఎంపీహెచ్‌కే ఒక యూనివర్సిటీ ఒక పేపర్, ఇంకోటి ఇంకో పేపర్ అడగొచ్చు. సబ్జెక్టు పేపర్ అడిగే చోట జనరల్ పేపర్ పనికిరాదు. మీరు అనుకున్న ప్రతి యూనివర్సిటీ పేజీలో కోర్సు పేరుకి ఎదురుగా ఉన్న కోడ్‌ని ఆ ఏడాది ఎన్‌టీఏ బులెటిన్‌తో సరిపోల్చుకుని రాసుకోండి. కోడ్‌లు ఏటా మారే అవకాశం ఉంది కాబట్టి సీనియర్ పంపిన పాత స్క్రీన్‌షాట్‌ని నమ్ముకోవద్దు.

ఇక మన రాష్ట్రాల పిల్లలకు తరచూ ఎదురయ్యే రెండు చిక్కులు. ఒకటి పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో అదే ఒక్క అక్షరమై చివరికి వెళ్తుంది. డిగ్రీ మెమోలో మూడో రకం. ఫారంలో టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయాలి. ఆధార్‌లో తేడా ఉంటే నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ముందే సరిచేయించుకోండి.

రెండోది కులధ్రువీకరణ. మన దగ్గర బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ అని వర్గాలున్నాయి. కేంద్ర సంస్థల్లో ఆ విభజన లేదు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ఒక్కటే, రిజర్వేషన్ 27 శాతం. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, ఎందుకంటే రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో లేవు. ఉంటే మీసేవలో గానీ, ఆంధ్రలో అయితే సచివాలయంలో గానీ దరఖాస్తు పెట్టి, కేంద్ర నమూనాలోనే తహసీల్దార్ నుంచి తీసుకోండి. క్రీమీలేయర్ పరిమితి ఏడాదికి 8 లక్షల ఆదాయం. అందులో తల్లిదండ్రుల జీతాన్నీ వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. ఉద్యోగులైతే ఏ గ్రూపు పోస్టులో ఉన్నారన్నది విడిగా చూస్తారు. ఏ రిజర్వేషన్ కిందికీ రాని పేద కుటుంబాల కోటా అయిన ఈడబ్ల్యూఎస్ లెక్క దీనికి పూర్తిగా భిన్నం. అక్కడా 8 లక్షలే గానీ జీతం, వ్యవసాయం అన్నీ కలుస్తాయి. పైగా కుటుంబానికి ఐదెకరాల సాగుభూమి ఉంటే అర్హతే పోతుంది. ప్రవేశాల సమయంలో చాలా సంస్థలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్ అడుగుతాయి. ఫారం నాటికి తీసుకున్నది మళ్లీ తీసుకోవలసి రావచ్చు. ఆర్‌ఐ విచారణకి పట్టే రోజుల్ని లెక్కలో వేసుకోండి.

ఫొటో తెల్లటి వెనకతెరతో, ముఖం స్పష్టంగా ఉండాలి. ఫీజు కట్టాక కన్ఫర్మేషన్ పేజీ డౌన్‌లోడ్ చేసి దాచండి. గడువు ముగిశాక తప్పులు దిద్దుకోవడానికి కొద్ది రోజులు ఇస్తారు. అప్పుడు అన్ని గడులూ మార్చనివ్వరు. మొబైల్ నంబరు, ఈమెయిల్ నెట్ సెంటర్‌వాళ్లవి కాకుండా మీవే పెట్టండి. తర్వాతి కబురంతా వాటికే వస్తుంది.

పరీక్ష తర్వాత

స్కోరు వచ్చింది కదా, యూనివర్సిటీయే పిలుస్తుందని ఎదురుచూసి సీటు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. ఎన్‌టీఏ పని స్కోరు ఇవ్వడంతో అయిపోతుంది. ఆ స్కోరుతో ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లో మళ్లీ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, ఒక్కోదానికి ఒక్కో గడువు. కొన్ని మెరిట్ జాబితాతోనే ఇస్తాయి, కొన్ని ఇంటర్వ్యూ పెడతాయి. ఇంటర్వ్యూలో మీ జిల్లాలోని ఒక ఆరోగ్య సమస్య గురించి అడిగితే అక్కడి విషయమే చెప్పండి. నల్లగొండ పిల్లలు ఫ్లోరోసిస్ గురించి, పాడేరు పిల్లలు మలేరియా గురించి తాము చూసింది చెప్తే, ఇంటర్నెట్‌లో వల్లెవేసిన నిర్వచనం కన్నా ఎక్కువ వింటారు.

సర్టిఫికెట్ల పరిశీలనకి టెన్త్, ఇంటర్ మెమోలు, డిగ్రీ కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, టీసీ, మైగ్రేషన్ కావాలి. ఆఖరి సెమిస్టర్ ఫలితం రాకపోతే హామీపత్రం తీసుకుని ఒక తేదీ దాకా గడువిచ్చే చోట్లున్నాయి. సీటు వచ్చిందన్న సందేశం చూశాక ఫీజు కట్టే గడువు రెండు మూడు రోజులే ఉండొచ్చు. ఇంట్లో డబ్బు ముందే సర్దిపెట్టుకోమని చెప్పండి.

అమెరికా ఆలోచన ఉన్నవాళ్లకి ఇదంతా వర్తించదు. అక్కడ చాలా పబ్లిక్ హెల్త్ స్కూళ్లకు సోఫాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా దరఖాస్తు వెళ్తుంది. స్కూలుకి సెఫ్ గుర్తింపు (పబ్లిక్ హెల్త్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే సంస్థ అది) ఉందా అని చూడాలి. చదువయ్యాక మామూలు గడువుకి అదనంగా అమెరికాలో 24 నెలలు పనిచేసే వీలు, అక్కడి ప్రభుత్వ కోర్సు కోడ్‌లలో ఎపిడెమియాలజీ కోడ్ కింద నమోదైన కోర్సుకి ఉంటుంది, జనరల్ పబ్లిక్ హెల్త్ కోడ్‌కి ఉండదు. వీసా కోసం స్కూలు పంపే ఐ-20 పత్రం వచ్చాక చూసుకునే విషయం కాదిది, దరఖాస్తుకి ముందే ఆ స్కూలుకి మెయిల్ రాసి అడగాలి.

సీయూఈటీ పరిధిలో లేని సంస్థల నోటిఫికేషన్లను ఎవరూ మీకు పంపరు. త్రివేండ్రం, చెన్నై, పుదుచ్చేరి, హైదరాబాద్ ఐఐపీహెచ్ వెబ్‌సైట్లలో అడ్మిషన్ పేజీని నెలకోసారి మీరే తెరిచి చూసుకోవాలి. త్రివేండ్రంలో తరగతులు జనవరిలో మొదలవుతూ వచ్చాయి. జూలైలో సీటు దొరకనివాళ్లు సర్టిఫికెట్లన్నీ ఒక ఫైలులో అలాగే ఉంచి, ఆగస్టు నుంచి ఆ పేజీ మీద కన్నేసి ఉంచండి.