చవితి స్టేజీ ఎక్కే బేస్ ప్లేయర్లకు: ఎర్త్ పిన్ జోలికి పోకండి

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. వినాయక చవితికి అప్పటికింకా పది రోజులుంది. ఆ వారమంతా రోడ్ల మీద వేలాడే వైర్ల గురించే చర్చ. పైన వేలాడేవి కళ్లకు కనిపిస్తాయి కాబట్టి కనీసం తిట్టుకుంటాం. స్టేజీ ప్లైవుడ్ కింద పడేసిన జంక్షన్ బాక్సులో ఏముందో మాత్రం ఎవరూ వంగి చూడరు. ఆ బాక్సుకి ఒక కొసన జనరేటర్ ఉంటే, రెండో కొసన గిటార్ తీగలు పట్టుకుని మీరుంటారు.

తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దు లాంటివి మీ అమ్మ చిన్నప్పుడే చెప్పి ఉంటుంది, వాటిని వదిలేద్దాం. బేస్ వాయించేవాళ్లు తెలిసి తెలిసి చేసే తప్పు ఒకటుంది: యాంప్‌కి, అంటే గిటార్ సౌండు పెంచే యాంప్లిఫయర్‌కి, ఎర్త్ తీసేయడం. స్పీకర్‌లోంచి గుర్‌మని హమ్ వస్తుంటే ప్లగ్‌లోని లావు పిన్ను విరగ్గొడతారు. లేదంటే టూ పిన్ అడాప్టర్ తగిలిస్తారు, ప్లగ్ విప్పి పచ్చ వైరు కత్తిరించి టేపు చుడతారు. హమ్ నిజంగానే పోతుంది. అందుకే ఈ చిట్కా ఒకరి నుంచి ఒకరికి పాకుతూ ఇన్నేళ్లుగా బతికి ఉంది.

గండం బేస్ ప్లేయర్‌కే ఎందుకు

బేస్ గిటార్ బ్రిడ్జ్ (తీగలు బిగించే లోహపు ముక్క) కింద నుంచి సన్నటి వైరు ఒకటి, కేబుల్ గుచ్చే జాక్‌లోకి వెళ్తుంది. జాక్ నుంచి కేబుల్ పైపొర అల్లిక మీదుగా యాంప్ రేకు బాడీకి, అక్కణ్ణుంచి పవర్ కార్డ్‌లోని పచ్చ వైరు మీదుగా భూమిలోకి. అంటే మీ వేళ్ల కిందున్న నాలుగు తీగలూ, యాంప్ బాడీ కరెంటు లెక్కలో ఒకటే. లోపల ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలితే, ఎర్త్ ఉన్న యాంప్‌లో ఫ్యూజు పోతుంది లేదా ఎంసీబీ పడిపోతుంది. ఎర్త్ తీసేసిన యాంప్ మామూలుగానే మోగుతుంటుంది, కాకపోతే తీగల్లో 230 వోల్టులు ఉంటాయి.

తీగలు మాత్రమే పట్టుకుని, పొడి చెక్క మీద చెప్పులతో నిలబడ్డంతసేపు ఏమీ తెలియకపోవచ్చు. కోరస్ పాడదామని మైక్ దగ్గరికి వంగినప్పుడే ప్రమాదం. మైక్ జాలీ మిక్సర్ ఎర్త్‌తో కలిసి ఉంటుంది. వేళ్లు తీగల మీద, పెదాలు మైక్ మీద, మధ్యలో గుండె. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వీ చేతిలో గిటార్‌తో, ఎర్త్ సరిగా లేని మైక్‌ని ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. లోపం యాంప్ వైపున్నా మైక్ వైపున్నా దారి ఒకటే.

లోపల ఏ లోపమూ లేకపోయినా ఎర్త్ తీస్తే చిక్కే. మూడు కిలోల బరువులో 500 వాట్లిచ్చే క్లాస్ డీ హెడ్‌లలో (హెడ్ అంటే స్పీకర్ లేని విడి యాంప్) ఉండేది ఎస్ఎంపీఎస్ అనే తేలికపాటి పవర్ సప్లై. దాని ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ దాదాపు సగం వోల్టేజ్ దగ్గర, 115 ప్రాంతంలో, తేలుతుంది. తీగలు ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఆ కరెంటు చిన్నదే. కానీ జివ్వుమంటోందంటే ఎర్త్ లేదనే అర్థం. నవ్వుకుని వాయించే విషయం కాదు.

హమ్ వస్తే చేయాల్సింది

ముందు హమ్ ఎక్కణ్ణుంచో తేల్చండి. గిటార్ పట్టుకుని నిలబడ్డ చోటే చుట్టూ తిరగండి. తిరిగేకొద్దీ హమ్ పెరిగి తగ్గుతుంటే అది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కింద ఉండే, వాటి కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్ట) లాగుతున్నది. లైటింగ్ డిమ్మర్ నుంచీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచీ దూరం జరగండి, జాజ్ బేస్ తరహాదైతే రెండు పికప్‌లూ సమానంగా తెరవండి. ఎంత తిరిగినా మారకుండా, మిక్సర్‌కి వెళ్లే లైను పీకితే ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే యాంప్, మిక్సర్ రెండు దారుల్లో ఎర్త్‌కి కలిసి చుట్టు ఏర్పడటం. దానికి మందు డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే చిన్న డబ్బా) మీదే ఉంది, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్. అది సిగ్నల్ కేబుల్ పైపొరను మాత్రమే విడదీస్తుంది, పవర్ ఎర్త్‌ని ముట్టుకోదు. ఇంకా ఉంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ వాడండి. మీ యాంప్‌నీ మిక్సర్‌నీ ఒకే లైను మీదికి తెస్తే సగం రోగం అక్కడే కుదురుతుంది.

ఇంతా చేసినా పోకపోతే హమ్‌తోనే వాయించండి. డీజే మోత మధ్య ఆ గుర్‌మనడం వినేది మీరొక్కరే.

అమెరికా నుంచి వచ్చిన యాంప్

ఎర్త్ పోయే దొంగదారి ఇది. డాలస్ నుంచి బావ తెచ్చిన హెడ్ వెనక 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే 230లో పెట్టగానే కాలుతుంది, అది అందరికీ తెలుసు. అందుకని స్టెప్‌డౌన్ కన్వర్టర్ కొంటారు. చవకరకం కన్వర్టర్లు చాలావాటికి టూ పిన్నే, యాంప్ ఎర్త్ అక్కడే తెగిపోతుంది. వెనక 100 నుంచి 240 అని రాసి ఉన్న హెడ్‌కి కన్వర్టర్ అక్కర్లేదు, కానీ బల్లపరుపు పిన్నుల ప్లగ్‌కి ట్రావెల్ అడాప్టర్ తగిలిస్తారు. వాటిలోనూ చాలావాటికి ఎర్త్ ఉండదు. ఎవరూ ఏమీ విరగ్గొట్టలేదు, అయినా ఎర్త్ లేదు. అడాప్టర్ తీసి పారేసి, కంప్యూటర్ సీపీయూకి వాడే మన త్రీ పిన్ పవర్ కార్డ్ ఒకటి కొనండి. చాలా హెడ్‌లకు అదే సరిపోతుంది.

యాంప్ పెట్టేముందు

మల్టీమీటర్ లేకుండా చవితి ప్రోగ్రాముకి వెళ్లొద్దు. టెస్టర్ స్క్రూడ్రైవర్ ఫేజ్ ఉందని చెబుతుంది, ఎర్త్ లేదన్న సంగతి చెప్పదు.

ఇంటి దగ్గరే పవర్ కార్డ్‌ని యాంప్‌కి పెట్టి, రెండో కొసను గోడకి పెట్టకుండా, ప్లగ్ లావు పిన్నుకీ యాంప్ బాడీ మీది రంగు లేని స్క్రూకీ మధ్య ఓమ్‌లు చూడండి. ఒక ఓమ్ లోపు రావాలి.

స్టేజీ దగ్గర మీటర్‌ని ఏసీ 750 లేదా 600లో పెట్టండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య 207 నుంచి 253 లోపు. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మామూలే. లోడు నడుస్తుండగా అక్కడ కచ్చితంగా సున్నా వస్తే సంతోషించకండి, బాక్సు విప్పించి చూడండి. సాకెట్‌లోనే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ చిన్న వైరు ముక్కతో కలిపేసి ఉండొచ్చు. ఆ న్యూట్రల్ ఎక్కడ ఊడినా, ఆ సాకెట్లో పెట్టిన ప్రతి యాంప్ బాడీకీ ఫేజ్ వస్తుంది.

అన్నీ ఆన్ చేశాక, ఎవరూ దేన్నీ ముట్టుకోకముందే, ఒక ప్రోబ్ తీగల మీద, ఇంకోటి మైక్ జాలీ మీద. ఒక వోల్టు లోపు రావాలి. పదులూ వందల్లో వస్తే ఎర్త్ ఎక్కడ తెగిందో దొరికేదాకా ఎవరూ మైక్ దగ్గరికి వెళ్లొద్దు. ప్రతి మైక్‌కీ ఇలాగే.

జనరేటర్ మారినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి కొలవాలి. త్రీ ఫేజ్ జనరేటర్‌లో న్యూట్రల్ వదులైతే ఒక ఫేజ్ మీద 150 కనిపిస్తే, ఇంకో దాని మీద 300 దాటుతుంది. లైట్లు ఒకవైపు మసకబారి మరోవైపు భగ్గుమన్నాయంటే అదే. యాంప్ ప్లగ్ వెంటనే పీకండి, స్విచ్ కోసం వెతక్కండి. చిన్న పోర్టబుల్ జనరేటర్లలో న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపకపోతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) మనిషిని కాపాడుతుందన్న గ్యారంటీ లేదు. దాని టెస్ట్ బటన్ నొక్కితే పడుతుంది కదా అంటారు. ఆ బటన్‌కి ఎర్త్‌తో పనే లేదు, ఎర్త్ లేకపోయినా పడుతుంది. అయినా 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉన్న ఎక్స్‌టెన్షన్ సొంతంగా ఉంచుకోండి. ఎంసీబీ ఉన్నది వైర్లను కాపాడటానికి, మిమ్మల్ని కాదు.

సామాను సంగతికొస్తే, మైదానాన్ని మీ యాంప్‌తో నింపాలని చూడకండి. డీఐ ద్వారా పీఏకి (జనానికి వినిపించే పెద్ద స్పీకర్లకి) ఇచ్చి, 300 వాట్ల హెడ్, ఒక 12 అంగుళాల క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) మీ చెవికీ డ్రమ్మర్ చెవికీ సరిపోతాయి. క్యాబినెట్ 8 ఓమ్‌లది కొనండి, రేపు ఇంకోటి కలిపితే 4 అవుతుంది. ముందే 4 ఓమ్‌లది కొంటే రెండోది కలిపాక 2కి పడిపోతుంది, కనిష్ఠం 4 అని రాసిన హెడ్ షట్‌డౌన్ అవుతుంది లేదా కాలుతుంది. వాల్వ్ హెడ్ అయితే స్పీకర్ తగిలించకుండా ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

ఇక మిగిలినవి వరుసగా:

- హెడ్ నుంచి క్యాబినెట్‌కి గిటార్ కేబుల్ వాడొద్దు. లోపలి తీగ సన్నం, వేడెక్కి కరుగుతుంది. స్పీకర్ కేబులే, వీలైతే స్పీకాన్ కనెక్టర్లది.
- హై పాస్ ఫిల్టర్ (మరీ లోతైన శబ్దాలను కోసేసేది) ఉంటే 35, 40 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అన్నిటికన్నా లావైన E తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, దాని కిందిది కోన్‌ని చింపడానికే.
- యాక్టివ్ బేస్‌కి (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నదానికి) 9 వోల్టుల కొత్త బ్యాటరీ. బ్రేక్‌లో జాక్ పీకేయండి, పెట్టి ఉంచితే బ్యాటరీ అయిపోతుంది.
- ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మొత్తం విప్పండి. చుట్టలో ఉంటే వేడెక్కుతుంది.
- సాకెట్ రంధ్రాల్లో ఉత్త వైర్లు దూర్చి అగ్గిపుల్లలు గుచ్చి ఉంటే మీ సామాను కిందికి దించండి.
- స్తంభానికి కొక్కెం తగిలించి తెచ్చిన కరెంటు మీద యాంప్ పెట్టొద్దు. ఒక్క ఫేజే లాగి, నేలలో పాతిన రాడ్‌నే న్యూట్రల్‌గా వాడితే ఆ రాడ్డే షాక్ కొడుతుంది. అక్కడ మీ ఎర్త్ పిన్ను కూడా శత్రువే.
- యాంప్‌ని నేల మీద పెట్టొద్దు. ప్లాస్టిక్ క్రేట్ మీద.
- వాన మొదలైతే పాట పూర్తయ్యేదాకా ఆగొద్దు. ఆపాల్సింది వాల్యూమ్ కాదు, మెయిన్.
- పాడే బేస్ ప్లేయర్ వైర్‌లెస్ వాడండి. మీ తీగలకూ యాంప్‌కూ మధ్య వైరే ఉండదు.
- తడిసిన వాళ్లు స్టేజీ ఎక్కి కౌగిలించుకోవడానికి వస్తే ఆపండి.
- సౌండ్ అబ్బాయి ‘ఎర్త్ తీసేద్దామన్నా, హమ్ పోతుంది’ అంటే వద్దని చెప్పండి. రెండోసారి అంటే మీ ప్లగ్ మీరే చేతిలో పట్టుకోండి.
- బ్రేక్ అయ్యాక తిరిగొచ్చి ప్లగ్ చూడండి. మీరు టీ తాగే లోపు టూ పిన్ తగిలించి ఉంటారు.
- ఎర్త్ పిన్ను విరిగిన ప్లగ్ కనిపిస్తే పక్కన పెట్టొద్దు, కోసేయండి. పక్కన పెట్టినదాన్ని ఇంకొకరు వాడతారు.
- ఎవరైనా తీగలు పట్టుకుని బిగుసుకుపోతే ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. అది దొరక్కపోతే పొడి కర్రతో గిటార్‌ని నెట్టేయండి.
- ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్, ఇంకొకరు ఛాతీ మధ్య రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతు నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.
- షాక్ కొట్టినవాడు లేచి బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. ఆ రాత్రి రెండో సెట్ అతను లేకుండానే.