పాత బస్సు పని నేర్చుకుందాం – 4వ పాఠం: కింగ్‌పిన్ బుష్షులు

పోయిన పాఠంలో ముందు చక్రాన్ని పైకెత్తి, కింద గునపం పెట్టి ఊపి చూడటం దగ్గర ఆపాం. కింగ్‌పిన్ అంటే ముందు యాక్సిల్ చివర చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసుగా ఉండే నిలువు పిన్ను, అది తిరిగే లోహపు గొట్టాలే బుష్షులు. ఊగింది కదా అని వెంటనే బుష్షులు పోయాయని తేల్చేయకండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతూ, సీట్లో ఉన్న మనిషిని బ్రేకు గట్టిగా తొక్కమనండి. తొక్కగానే ఊపు ఆగిపోతే లోపం వీల్ బేరింగుది. తొక్కినా టకటకమంటూనే ఉంటే కింగ్‌పిన్నుది. ఈ పరీక్ష చేయకుండా బాగున్న కింగ్‌పిన్నులు ఊడదీసినవాళ్లను సాలూరు నుంచి ఒడిశాలోని జయపురం దాకా చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఒకణ్ని.

మన పాఠం బస్సు టాటా 1510. పేరులోనే సగం సమాచారం ఉంది: 15 అంటే మొత్తం బరువు టన్నుల్లో, 10 అంటే సుమారు 100 హార్స్‌పవర్. అయితే ముందు యాక్సిల్ దగ్గర మాత్రం ఈ పేరును నమ్మొద్దు. ఇన్నేళ్లలో ఏ యజమాని ఏ లారీ యాక్సిల్ తెచ్చి ఎక్కించాడో ఆర్సీలో రాసి ఉండదు. అందుకని ఫోన్లో "1510 కింగ్‌పిన్ కిట్ ఉందా" అని అడిగి తెప్పించుకోకండి. ముందు ఊడదీయండి, కొలవండి, పాత పిన్ను చేత్తో పట్టుకుని కొట్టుకి వెళ్లండి. ఈలోగా బండి రెండు మూడు రోజులు స్టాండ్ల మీదే ఉంటుంది కాబట్టి ఆ వారం పెళ్లి ట్రిప్పులు ఒప్పుకోకండి. ముహూర్తం టెన్షన్‌లో బిగించిన బుష్షు నేనింతవరకు బాగా కూర్చోగా చూడలేదు.

వెనక చక్రాలకు అడ్డం పెట్టి, యాక్సిల్ దూలం కింద రెండు పక్కలా స్టాండ్లు వేయండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టి పని చేయొద్దు. చక్రం, డ్రమ్ము, హబ్బు వచ్చేశాక బ్రేకు ప్లేటును గాలి పైపు లాగకుండా తాడుతో ఫ్రేముకు వేలాడగట్టండి. స్టీరింగు నుంచి చక్రానికి వచ్చే డ్రాగ్ లింకు, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్డు విప్పండి. ఇక కాటర్ పిన్ను, అంటే కింగ్‌పిన్ను యాక్సిల్‌లో తిరగకుండా అడ్డంగా బిగించే పిన్ను. దాని నట్టును పూర్తిగా తీసేసి సుత్తితో కొడితే దాని మర పువ్వులా విచ్చుకుంటుంది. నట్టు అంచు, పిన్ను చివర సమంగా వచ్చేదాకా మాత్రమే వదులు చేసి, ఇత్తడి ముక్క ఆనించి కొట్టండి. కదిలాక నట్టు తీయొచ్చు. కింగ్‌పిన్ను పైనా కిందా ఉన్న మూతలు తీసి ముందురోజు సాయంత్రమే డీజిల్ పోసి నానబెడితే సమ్మెట దెబ్బలు సగం తగ్గుతాయి. అప్పటికీ రాకపోతే ప్రెస్సు అద్దెకు తెచ్చుకోండి కానీ గ్యాస్ మంట మాత్రం వద్దు. యాక్సిల్ దూలం లెక్కగా వేడిచేసి, లెక్కగా చల్లార్చి గట్టిపరిచిన ఉక్కు. మంట తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు.

పిన్ను చేతికొచ్చాక గుడ్డతో తుడిచి మైక్రోమీటరుతో మూడు చోట్ల కొలవండి. నడిమి భాగం యాక్సిల్ కన్నులో (దూలం చివరి రంధ్రంలో) కాటర్ పట్టులో ఉంటుంది కాబట్టి అక్కడ అరుగుదల ఉండకూడదు. అదే దాని అసలు సైజు. పైనా కిందా బుష్షులో తిరిగే చోట్ల కొలత దానికంటే ఎంత తగ్గిందో అంత అరిగిందన్నమాట. నడిమి భాగమూ అరిగి మెరుస్తూ ఉంటే చెడ్డ వార్త: యాక్సిల్ కన్నే వదులైంది. అప్పుడు ఓవర్‌సైజు పిన్ను దొరుకుతుందేమో చూడాలి, లేదా కన్ను బోరింగ్ చేయించి స్లీవ్ వేయించాలి. వెల్డింగ్ పెట్టి నింపేస్తామనేవాడి షెడ్డు నుంచి మర్యాదగా బయటికి వచ్చేయండి.

సరుకు సంగతి. కొరాపుట్, జయపురం కొట్లలో నడుస్తున్న మోడళ్ల కిట్లు దొరుకుతాయి, పాతవాటికి ఘాటు దిగి సాలూరు రావాల్సిందే. సాలూరు లారీల ఊరు. పాత టాటా, లేలాండ్ సామాను అక్కడ కొత్తదో, తీసిందో ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడ లేకపోతే విజయనగరం, విశాఖ ఆటోనగర్, ఆఖరికి విజయవాడ ఆటోనగర్. పిన్ను మాత్రం పాతది కొనకండి. కిట్‌లో పిన్నులు, బుష్షులు, బరువు మోసే థ్రస్ట్ బేరింగులు, సందు సరిచేసే పల్చటి రేకులైన షిమ్ములు, కాటర్లు రెండు పక్కలకీ ఉన్నాయో లేదో కొట్టు దగ్గరే విప్పి లెక్కపెట్టుకోండి.

బుష్షులు దొరక్కపోతే లేత్ మీద చేయించవచ్చు. అయితే మోసం ఉన్నదీ ఇక్కడే. బుష్షుకు కావాల్సిన గన్‌మెటల్ అంటే 88 పాళ్లు రాగి, 10 తగరం, 2 జింకు. ఇత్తడిలో జింకు చాలా ఎక్కువ, ధర తక్కువ, ఈ బరువుకు తొందరగా అరుగుతుంది. నాకీ తేడా చెప్పింది సాలూరులో ఒక ముసలి లేత్ మేస్త్రీ. నేను వేరేచోట కొని తెచ్చిన బుష్షు అంచు మీద ఆకురాయి రెండుసార్లు లాగి, "ఏటి బాబూ, పసుపుకొమ్ములా ఉంది. గన్‌మెటలైతే లోపల ఎర్రగా ఉండాల" అన్నాడు. "మరి బిల్లులో గన్‌మెటలని రాశాడు తాతా" అన్నాను. ఆయన ఆకురాయి పక్కన పెట్టి బీడీ వెలిగించుకున్నాడు.

పాత బుష్షుకు లోపలి నుంచి హాక్‌సా బ్లేడుతో నిలువుగా ఒక కోత పెడితే వదులవుతుంది. బుష్షులు కూర్చునే స్టబ్ యాక్సిల్ (చక్రాన్ని మోసే పొట్టి ఇరుసు) ఇనుముకు బ్లేడు తగలకుండా చూసుకోండి. కొత్తదాన్ని మెట్టు ఉన్న గుండ్రటి కడ్డీతో, వైస్ లేదా ప్రెస్సులో నిదానంగా దించాలి. దించే ముందు బుష్షు రంధ్రం, స్టబ్‌లోని గ్రీజు రంధ్రం ఎదురెదురుగా వచ్చేలా రెండింటి మీదా మార్కరుతో గీత గీయండి. ఈ గీత గీయక నేను పడ్డ అవస్థ చెబుతాను. కింది బుష్షు కాస్త తిరిగి కూర్చుని రంధ్రం మూసుకుపోయింది. గ్రీజు గన్ను కొడితే నిపుల్ (గన్ను తగిలించే మొన) పక్క నుంచి గ్రీజు పొంగింది, నిండిందనుకున్నాను. నెల తిరక్కుండా సుంకి ఘాటు దిగుతుంటే, వంపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాలేదు. డ్రైవరు మావయ్య రెండు చేతులా లాగి తిప్పాడు. సాలూరు చేరాక నన్ను ఒక్క మాట అనలేదు, నేనిప్పించిన టీ మాత్రం తాగలేదు.

బుష్షు దిగాక లోపలి కొలత కాస్త బిగుస్తుంది, అందుకే రీమింగ్, అంటే రీమరు అనే కోత పనిముట్టుతో రంధ్రాన్ని సైజుకు తేవడం. పై బుష్షుకో రీమరు, కింది బుష్షుకో రీమరు పెడితే రెండు రంధ్రాలూ ఒకే గీతలో ఉండవు. రెండింటిలోనూ ఒకేసారి దూరే పొడుగు రీమరు కావాలి. సొంతంగా లేకపోతే ఈ ఒక్క పని లేత్ షాపుకు వదిలేయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కొద్దికొద్దిగా కోస్తూ, ముందుకే తిప్పండి. వెనక్కి తిప్పితే రీమరు పదునూ పోతుంది, బుష్షూ గీరుకుపోతుంది. ప్రతి కోతకీ పిన్ను దూర్చి చూడండి. నూనె రాసిన పిన్ను బొటనవేలితో నొక్కితే జారాలి, తన బరువుకు తానే పడిపోకూడదు. పడిపోయిందంటే ఎక్కువ కోశారు, ఇంకో బుష్షు కొనాలి. పొడిని కిరసనాయిలుతో కడిగి, గ్రీజు రంధ్రంలోకి సన్నటి తీగ దూర్చి చూడండి.

బిగింపు తీసినదానికి తిరగేసిన వరసే. థ్రస్ట్ బేరింగు దూలానికి కింది పక్కన, షిమ్ములు పై పక్కన వస్తాయి. పిన్ను మీది గాడి కాటర్ రంధ్రానికి ఎదురుగా ఉండాలి. స్ప్లిట్ పిన్నులు కొత్తవే వేయండి. గ్రీజు ఇప్పుడూ, ఆ తర్వాత ప్రతిసారీ కూడా, ముందు భాగం పైకెత్తే కొట్టండి. చక్రం మీద బరువు పోతే తప్ప థ్రస్ట్ బేరింగు చుట్టూ గ్రీజు పాకదు. ఈ రోడ్ల ఎర్రదుమ్ముకీ వానలకీ ఇది మరీ అవసరం. చివరగా టో-ఇన్ (ముందు చక్రాలు ముందు వైపు లోపలికి వంగే కొలత) చూసుకోండి.

తీసిన పాత పిన్నును తుక్కులో వేయకండి. మూడు చోట్ల కొలతలు, తేదీ, మీటరు రీడింగు ఒక అట్టముక్క మీద రాసి తీగతో దానికే కట్టి ఉంచండి. వచ్చే పాఠంలో కమాను కట్టల షాకిల్ బుష్షులు. గునపం దగ్గర పెట్టుకోండి.