చైనా, జపాన్ మత తాత్వికతల పాఠానికి ముందు జాగ్రత్తలు

ముందు పేర్లు సరిచూసుకోండి. తావో, దావో ఒకటే, చైనా తత్వంలో "మార్గం" అనే భావన. తావో మత మూలపురుషుడిగా చెప్పే లావోజు, లావోత్సు ఒక్కరే. ఒక రూపమే వాడుతూ, రెండోది బోర్డు మూల రాసి ఉంచండి. లేదంటే జవాబు పత్రాల్లో ఇద్దరు మనుషులైపోతారు.

"ఎవరిది ఏ మతం" అనే పట్టికతో మొదలుపెట్టొద్దు. జపాన్‌లో బిడ్డను అక్కడి సంప్రదాయ మతమైన షింటో గుడికి తీసుకెళ్లిన కుటుంబమే అంత్యక్రియలు బౌద్ధ పద్ధతిలో జరిపించడం మామూలు.

కన్ఫ్యూషియస్‌కు క్రీ.పూ. 551–479 అని రాయొచ్చు. లావోజుకు మాత్రం తేదీలు వేయొద్దు. అసలు అలాంటి ఒక వ్యక్తి ఉన్నాడా అన్నదే తేలలేదు.

అన్నిటికంటే ఎక్కువ తడబడేది తావో తత్వంలోని "వు వెయ్" (బలవంతం లేకుండా, సహజ గతికి తగ్గట్టు పనిచేయడం) దగ్గర. "ఏమీ చేయకపోవడం" అని చెప్తే పిల్లలు సోమరితనం అనుకుంటారు. జువాంగ్‌జి అనే తావో గ్రంథంలోని వంటవాడి కథ చెప్పండి: ఎద్దు కీళ్ల మధ్య ఖాళీల్లోంచే కత్తి పోనిస్తాడు, 19 ఏళ్లయినా పదును తగ్గదు. దీనికి పది నిమిషాలు పోయినా ఫర్వాలేదు.

మన ఇళ్లలో కనిపించే లాఫింగ్ బుద్ధ గౌతముడు కాదు. ఆయన బుదాయ్ అనే చైనా భిక్షువు. రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి అవతారంగా భావిస్తారు. ఈ మాట మొదటి క్లాసులోనే చెప్పేయండి.

బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి శూన్యవాద గ్రంథం మూలమధ్యమకకారికను అనువాదకుడైన భిక్షువు కుమారజీవుడు క్రీ.శ. 409లో చాంగాన్ (నేటి షియాన్) నగరంలో చైనీస్‌లోకి తెచ్చాడు. నాగార్జునుణ్ని నాగార్జునకొండతో ముడిపెట్టేటప్పుడు మాత్రం "సంప్రదాయం ప్రకారం" అనండి.

పూజలు, మొక్కులు పిల్లలతో అభినయింపజేయొద్దు. ఫొటో చూపించి వర్ణించమనండి, చాలు.